గులాబీ ముల్లు చెప్పిన సంగతి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామని కూర్చున్నాను. ప్రార్థన సమావేశం, లాంగ్ బెల్లు, పదో తరగతి వీడ్కోలు సభ, గ్రూప్ ఫోటో. ఇవన్నీ నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని, మన బడిలో ఒకే ఒక్క పీరియడ్‌లో నేను విన్న ఒక మనిషి కథ రాస్తున్నాను. ఆయన పేరు ఇల్యా మెచ్నికోవ్. చనిపోయి నూరేళ్లు దాటింది. ఇన్నేళ్ల తర్వాత ఆయన నాకు ఆసుపత్రి మంచం మీద మళ్లీ గుర్తుకొచ్చారు.

రెండేళ్ల కిందట నాకు గుండెనొప్పి వచ్చింది. యాంజియోగ్రామ్ తీసి, ఒక స్టెంట్ వేశారు. నేను ముప్పై ఏళ్లుగా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ ట్యూబులతో కాపురం చేసినవాణ్ని. నీళ్లు సరిగా లేకపోతే ట్యూబు లోపల స్కేలు కడుతుంది, దారి సన్నబడుతుంది, ఒకరోజు ట్యూబు పేలుతుంది. నా గుండె రక్తనాళంలోనూ అలాగే కొవ్వు స్కేలులా పేరుకుందన్న మాట, దాన్ని పక్కకు నెట్టారన్న మాట అని డాక్టరు గారితో అన్నాను. ఆయన నవ్వి, మీ ట్యూబుకు ప్రాణం లేదు, ధమని గోడకు ప్రాణం ఉంది, తేడా అక్కడే ఉంది అన్నారు. కొవ్వు గోడ మీద కాదు, గోడ లోపల చేరుతుందట. దాన్ని శుభ్రం చేయడానికి రక్తంలోంచి రక్షక కణాలు వస్తాయట. అవి కొవ్వును తిని తిని, బయటికి రాలేక అక్కడే ఉండిపోతాయట. నా జబ్బు సగం కొవ్వుది, సగం ఆ కణాలదని చెప్పి, వాటి పేరు మాక్రోఫేజ్‌లు అన్నారు.

ఆ మాట వినగానే తొమ్మిదో తరగతి గది కళ్ల ముందుకు వచ్చింది. మన నేచురల్ సైన్స్ మాస్టారు బోర్డు మీద సముద్ర నక్షత్రం పిల్లను గీసి, అందులో ఒక ముల్లు గీసి, ముల్లు చుట్టూ చుక్కలు పెట్టారు. ఆ చుక్కలే మాక్రోఫేజ్‌లు. మనల్ని కాపాడే సైనికులని మాస్టారు చెప్పారు. ఆ సైనికులే నా ధమనిలో ఏం చేస్తున్నట్టు? ఇంటికి వచ్చాక విశ్రాంతి రోజుల్లో ఆ ముల్లు గుచ్చిన మనిషి గురించి దొరికినదల్లా చదివాను. చదివినంతలో ఆయన జీవితం ఇది.

మెచ్నికోవ్ 1845లో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కోవ్ ప్రాంతంలో, ఇవానోవ్కా అనే పల్లెలో పుట్టారు. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది. తండ్రి జార్ చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారిగా పనిచేసినవాడు. ఐదుగురు పిల్లల్లో మెచ్నికోవ్ చివరివాడు. చిన్నప్పటి నుంచీ మొక్కలు, పురుగులు అంటే పిచ్చి. తనకు తెలిసినవి అన్నలకూ పల్లె పిల్లలకూ పాఠంగా చెప్పేవాడు. వినడానికి ఎవరూ కూర్చోకపోతే చేతిఖర్చు డబ్బుల్లోంచి వాళ్లకు చిల్లర ఇచ్చి కూర్చోబెట్టేవాడట. మన మాస్టార్లలో ఎవరికీ ఆ అవసరం రాలేదు, వాళ్ల చేతిలో బెత్తం ఉండేది కాబట్టి.

ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల చదువును రెండేళ్లలో ముగించారు. తర్వాత జర్మనీలోనూ, ఇటలీలోని నేపుల్స్ సముద్ర తీరంలోనూ వెన్నెముక లేని చిన్న జీవులను మైక్రోస్కోపు కింద చూస్తూ గడిపారు. 1865లో జర్మనీలోని గీసెన్‌లో ఒక చదునైన పురుగును పరిశీలిస్తూ ఒక సంగతి గమనించారు. ఆ పురుగులో ఆహారాన్ని కణాలే స్వయంగా మింగి, తమ లోపలే అరిగించుకుంటున్నాయి. అప్పటికి అదొక చిన్న జంతుశాస్త్ర విశేషం మాత్రమే. పదిహేడేళ్ల తర్వాత ఆ చిన్న విశేషమే ఆయనకు అక్కరకొచ్చింది.

చదువులో అంత వేగంగా పోయిన మనిషికి జీవితం మాత్రం అడుగడుగునా అడ్డం పడింది. 1869లో ల్యుద్మిలా అనే అమ్మాయిని పెళ్లాడారు. ఆమెకు అప్పటికే క్షయ. పెళ్లినాడు నడవలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకెళ్లారు. వెచ్చని గాలి కోసం మదీరా దీవి వరకూ తీసుకెళ్లినా దక్కలేదు. 1873లో ఆమె పోయింది. ఆ దుఃఖంలో మెచ్నికోవ్ తన ప్రాణం తీసుకోబోయి బతికిపోయారు. ఆ రోజుల్లోనే ఒక రాత్రి దీపం చుట్టూ మూగిన పురుగులను చూశారట. కొద్ది గంటలే బతికే ఈ జీవులకు ప్రకృతి వరణ సిద్ధాంతం ఎలా వర్తిస్తుందన్న ప్రశ్న మనసులో మెదిలింది. ఆ ప్రశ్న ఆయన్ను మళ్లీ పనిలోకి లాక్కొచ్చింది.

1875లో ఓల్గాను పెళ్లి చేసుకున్నారు. తర్వాత ఆయన చరిత్ర రాసింది కూడా ఆమే. అప్పుడాయన నల్ల సముద్రపు ఒడ్డున ఉన్న ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. కొన్నేళ్లకు ఓల్గాకు టైఫాయిడ్ వచ్చి ప్రాణం మీదికొచ్చింది. విశ్వవిద్యాలయంలో రాజకీయాలు, మరోవైపు తన గుండెదడ, నిద్రలేమి. 1881లో మళ్లీ కుంగిపోయి, తిరగబెట్టే జ్వరం ఉన్న రోగి రక్తాన్ని తనకు ఎక్కించుకున్నారు. తీవ్రంగా జబ్బు పడ్డారు, మళ్లీ బతికారు. ఈసారి కోలుకున్నాక జీవితం మీద ఎన్నడూ లేని ఇష్టం కలిగింది. ముప్పై ఆరేళ్ల వయసు అది. ఇలాంటి మనిషి తర్వాతి రోజుల్లో ఆశావాదం మీద పుస్తకం రాశారంటే, ఆ ఆశకు ఆయన ఎంత మూల్యం చెల్లించారో మనం ఊహించుకోవచ్చు.

అదే ఏడాది జార్ రెండో అలెగ్జాండర్ హత్య జరిగింది. విశ్వవిద్యాలయాల మీద ఆంక్షలు పెరిగాయి. 1882లో మెచ్నికోవ్ ఉద్యోగానికి రాజీనామా చేసి, ఓల్గానూ ఆమె తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ వెంటబెట్టుకుని ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్లారు. మెస్సీనా పట్టణంలో సముద్రం పక్కన ఇల్లు. ఉద్యోగం లేదు, ప్రయోగశాల లేదు. ముందు గదిలో ఒక మైక్రోస్కోపు, అంతే.

ఒకరోజు ఇంట్లోవాళ్లందరూ కోతుల ఆట చూడటానికి సర్కస్‌కు వెళ్లారు. ఆయన ఒక్కరే ఉండి సముద్ర నక్షత్రం డింభకాలను చూస్తున్నారు. అవి గాజులా పారదర్శకంగా ఉంటాయి. లోపల కొన్ని కణాలు అటూ ఇటూ తిరుగుతూ కనిపించాయి. వాటికి జీర్ణక్రియతో సంబంధం లేదు. మరి ఎందుకు తిరుగుతున్నాయి? బయటి నుంచి ఏదైనా చొరబడితే దాన్ని పట్టి మింగడానికేమో! అదే నిజమైతే ముల్లు గుచ్చితే ఈ కణాలు దాని చుట్టూ చేరాలి. మన వేలికి ముల్లు దిగితే అక్కడ వాచి చీము పట్టదా? చీమంటే తెల్ల కణాల గుంపే కదా!

ఆయన తోటలోకి వెళ్లి గులాబీ ముళ్లు తెచ్చి డింభకాల చర్మం కింద గుచ్చారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారుజామునే లేచి చూశారు. ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. వైద్యశాస్త్రంలో ఒక పెద్ద అధ్యాయం అలా, ఉద్యోగం లేని ఒక జంతుశాస్త్రజ్ఞుడి ముందు గదిలో మొదలైంది.

ఆ రోజుల్లోనే జర్మనీ నుంచి రుడాల్ఫ్ విర్ఖోవ్ మెస్సీనా వచ్చారు. ఆయన ఆనాటి వ్యాధి నిర్ధారణ శాస్త్రానికి పెద్ద దిక్కు. మెచ్నికోవ్ చూపించినవి చూసి మెచ్చుకున్నారు. అయితే తెల్ల కణాలు సూక్ష్మజీవులను శరీరమంతా మోసుకుపోతాయని వైద్యులు నమ్ముతున్నారు కాబట్టి జాగ్రత్తగా ముందుకు సాగమని హెచ్చరించారు.

నేను చదువుతూ ఇక్కడ కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే అప్పటికి పాతికేళ్ల ముందే, 1850లలో, ధమనులు గట్టిపడటం అనేది గోడలో జరిగే ఒక రకం వాపు అని చెప్పింది ఈ విర్ఖోవే. వియన్నాలోని రోకిటాన్స్కీ అది రక్తంలోంచి వచ్చి గోడ మీద పేరుకున్న పూత అన్నారు. అంటే నేను డాక్టరు గారికి చెప్పిన స్కేలు సిద్ధాంతమే. వాపు వాదం ఒకరిది, వాపులో పనిచేసే కణాలు ఇంకొకరివి. ఆ ఇద్దరూ మెస్సీనాలో ఒకే మైక్రోస్కోపు ముందు నిలబడ్డారు. ధమనుల జబ్బు అర్థం కావడానికి కావలసిన రెండు ముక్కలూ ఆ గదిలో ఉన్నాయి. అవి అతకడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

తిరుగు ప్రయాణంలో వియన్నాలో జంతుశాస్త్ర ఆచార్యుడు క్లౌస్‌ను కలిస్తే, ఈ తినే కణాలకు గ్రీకు మాటలతో ఫాగోసైట్లు అన్న పేరు అక్కడ కుదిరింది. మన పాఠ్యపుస్తకాల్లో భక్షక కణాలు అని చదువుకున్నాం. 1884లో డాఫ్నియా అనే నీటి పురుగులో ఈ కణాలకూ ఒక శిలీంధ్రానికీ జరిగే పోరు చూపించారు. కణాలు గెలిస్తే పురుగు బతికింది, ఓడితే చచ్చింది. పెద్ద భక్షక కణాలకు మాక్రోఫేజ్‌లనీ, చిన్నవాటికి మైక్రోఫేజ్‌లనీ పేర్లు పెట్టింది కూడా ఆయనే.

పాశ్చర్ పిచ్చికుక్క కాటుకు టీకా కనిపెట్టిన మరుసటి ఏడాది, 1886లో, ఒడెస్సాలో ఒక బాక్టీరియా పరిశోధన కేంద్రం పెట్టి మెచ్నికోవ్‌ను అధిపతిని చేశారు. ఆయన డాక్టరు కాకపోవడంతో స్థానిక వైద్యులు పడనివ్వలేదు. గొర్రెలకు దొమ్మ రోగం టీకా వేయించే పని తప్పుదారి పట్టి వేల గొర్రెలు చచ్చిపోయాయి. 1888లో దేశం వదిలి పారిస్ వెళ్లారు. కొత్తగా కట్టిన పాశ్చర్ సంస్థలో లూయీ పాశ్చర్ ఆయనకు ప్రయోగశాల ఇచ్చారు. చివరిదాకా అదే ఆయన ఇల్లయింది. ఒడెస్సాలో ఆయన దగ్గర చదివిన వాల్డెమార్ హాఫ్‌కిన్ కూడా పారిస్ చేరి, అక్కడి నుంచి 1893లో మన దేశానికి వచ్చి కలకత్తాలో కలరా టీకాలు వేశారు. 1897లో బొంబాయిలో ప్లేగు టీకా తయారు చేశారు. ముంబయిలోని హాఫ్‌కిన్ సంస్థ ఆయన పేరుదే. మెచ్నికోవ్ శిష్యపరంపర మన గడప దాకా వచ్చిందన్న మాట.

పారిస్‌లో ఆయన ఇరవై ఏళ్లు వాదించారు. రోగం నుంచి కాపాడేది రక్తద్రవంలోని పదార్థాలని జర్మన్ శాస్త్రజ్ఞులు, కణాలని ఈయన. చివరికి ఇద్దరూ సరైనవాళ్లేనని తేలింది. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికోవ్‌కూ, ఎదుటి పక్షంలోని పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చారు.

ఈలోగా ఆయనకు యాభై దాటింది. మనలాగే వయసు గురించి ఆలోచించడం మొదలుపెట్టారు. వార్ధక్యం గురించిన శాస్త్రానికి జెరంటాలజీ అని పేరు పెట్టింది ఈయనే. ముసలితనంలో ధమనులు ఎందుకు గట్టిపడతాయన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. సుఖవ్యాధి సిఫిలిస్ ఒక కారణమని తెలుసు, అందుకే ఎమిల్ రూతో కలిసి ఆ జబ్బు మీద కోతులతో ప్రయోగాలు చేశారు. మిగతా నేరం పెద్దపేగులో కుళ్లబెట్టే సూక్ష్మజీవుల మీద మోపారు. అవి విడుదల చేసే విషాలు ధమనులను పాడుచేస్తాయని, పులిసిన పాలలోని మంచి సూక్ష్మజీవులు వాటిని అణుస్తాయని నమ్మారు. తాను రోజూ పులిసిన పాలు తాగేవారు. ఆయన మాటతో యూరప్ అంతా పెరుగు వెంట పడింది. పెరుగన్నంతోనే భోజనం ముగించే మనవాళ్లు ఇది చదివి మురిసిపోతారేమో! యాభై ఏళ్లు గడ్డపెరుగు తిన్న నాకు కూడా స్టెంట్ పడింది మరి.

అయితే ఒక్క విషయంలో ఆయన చూపు చాలా దూరం పోయింది. కాపాడే భక్షక కణాలే వయసు మళ్లాక ఎదురు తిరిగి, సొంత శరీరంలోని మేలైన కణాలను తింటాయని ఆయన రాశారు. జుట్టు నెరవడం కూడా రంగును తినే కణాల పనే అనుకున్నారు. అందులో వివరాలు చాలా వరకు నిలబడలేదు. కానీ రక్షకుడే భక్షకుడు కాగలడన్న మూలభావం నిలబడింది. అది నిజమైన చోటు ఆయన వెతుకుతున్న ధమనే.

అది ఆయన బతికుండగానే కంటబడింది కూడా. మాంసాహారం ఎక్కువైతే ముసలితనం తొందరగా వస్తుందన్న మెచ్నికోవ్ ఆలోచనను పరీక్షించబోయి, 1908లో ఇగ్నతోవ్‌స్కీ అనే రష్యన్ వైద్యుడు కుందేళ్లకు మాంసం, గుడ్లు, పాలు పెట్టారు. వాటి ధమనులు పాడయ్యాయి. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అనిచ్‌కోవ్, ఖలాతోవ్ అనే ఇద్దరు యువకులు శుద్ధమైన కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కలిపి కుందేళ్లకు పెట్టి, దోషి ప్రోటీన్ కాదు, కొలెస్ట్రాల్ అని చూపించారు. ఆ ధమని గోడల్లో కొవ్వు చుక్కలతో ఉబ్బిన కణాలను అనిచ్‌కోవ్ వర్ణించారు. నురగ ముద్దల్లా కనిపిస్తాయి కాబట్టి వాటిని నురగ కణాలంటారు. మెస్సీనాలో ముల్లు చుట్టూ మూగిన జాతి కణాలే అవి.

ఆ రోజుల్లోనే మెచ్నికోవ్ గుండె బలహీనపడుతూ వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ప్రయోగశాలలోని యువకులు యుద్ధానికి వెళ్లిపోయారు, పని ఆగిపోయింది. 1916 జులైలో, డెబ్బై ఒకటో ఏట, గుండె జబ్బుతో పారిస్‌లో కన్నుమూశారు. చనిపోయాక తన శరీరాన్ని కోసి పరీక్షించమని ముందే మిత్రుణ్ని కోరారు. ముఖ్యంగా పేగులను చూడమన్నారు. చివరి క్షణంలోనూ ఆయన ప్రశ్న ఆయనతోనే ఉంది. ఆయన చితాభస్మం పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో ఉంది.

ఇక నా ధమని సంగతికి వస్తాను. ఇప్పుడు తెలిసినది ఇది. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులు ఎక్కువైతే కొన్ని గోడ లోపలి పొరలోకి దిగి, అక్కడ పాడైపోతాయి. పొగతాగడం, రక్తపోటు, చక్కెర జబ్బు గోడను దెబ్బతీసి ఆ పనిని సులువు చేస్తాయి. పాడైన రేణువులు శరీరానికి ముల్లులాంటివి. రక్తంలోంచి మోనోసైట్లు గోడలోకి దూరి మాక్రోఫేజ్‌లుగా మారి వాటిని మింగుతాయి. మామూలు కణం తనకు చాలినంత కొలెస్ట్రాల్ తీసుకుని తలుపు మూసుకుంటుంది. పాడైన రేణువులను మింగే ఈ కణాల తలుపుకు ఆ గడియ లేదు. మింగుతూనే పోయి నురగ కణాలై అక్కడే చస్తాయి. చస్తూ వదిలిన పదార్థాలు మరిన్ని కణాలను పిలుస్తాయి. లింఫోసైట్లూ వచ్చి చేరతాయి. చచ్చిన కణాల కొవ్వు లోపల మెత్తని గుజ్జవుతుంది, దాని మీద ఒక పలచని మూత ఏర్పడుతుంది. వాపు ఎక్కువైతే కణాలు విడుదల చేసే రసాయనాలు ఆ మూతను అరగదీస్తాయి. మూత పగిలిన క్షణంలో అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెపోటు చాలాసార్లు వచ్చేది ఇలాగే.

ఇంజనీరుగా నాకు ఇక్కడే కనువిప్పు కలిగింది. ట్యూబులో స్కేలు ఎంత మందమో కొలిస్తే ప్రమాదం ఎంతో తెలుస్తుంది. ధమనిలో అలా కాదు. సగం కూడా మూసుకోని చోట మూత పగిలి ప్రాణం పోవచ్చు. మన బ్యాచ్‌లో ఒకడు, క్రికెట్‌లో మనందరినీ పరుగెత్తించినవాడు, నలభై తొమ్మిదో ఏట పొద్దున్న నడకకు వెళ్లి తిరిగిరాలేదు. అంతకుముందు వారం కూడా మెట్లు రెండేసి ఎక్కాడు. ఏ నొప్పీ లేదుగా, నాకేమవుతుంది అనేవాడు. నేనూ అదే అన్నాను. అదృష్టంకొద్దీ నాకు నొప్పి వచ్చింది.

వాపును తగ్గిస్తే గుండెపోటు తగ్గుతుందా అన్నది 2017లో ఒక పెద్ద ప్రయోగంలో తేలింది. ఒకసారి గుండెపోటు వచ్చి, రక్తంలో వాపు గుర్తులు ఉన్న పదివేల మందికి పైగా రోగుల్లో కొందరికి కొలెస్ట్రాల్‌ను ముట్టుకోకుండా వాపును మాత్రమే తగ్గించే కనకినుమాబ్ అనే మందు ఇచ్చారు. ఒక మోతాదులో గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 15 శాతం తగ్గాయి. విర్ఖోవ్ మాట అలా రుజువైంది. కానీ ఆ మందు తీసుకున్నవారిలో ప్రాణాంతకమైన అంటురోగాలు కొంచెం పెరిగాయి. మెచ్నికోవ్ మాట కూడా అలా రుజువైంది. ధమనిని పాడుచేసే సైన్యమూ, మనల్ని కాపాడే సైన్యమూ ఒకటే. దాన్ని రద్దు చేయలేం. దానికి ఆ పని పడకుండా చూసుకోవడమే మన చేతిలో ఉంది.

అందుకే నా తోటి యాభై దాటినవారికి ఒక మాట. స్టెంట్ ఒక చోటుకే వేస్తారు, జబ్బు గోడంతా ఉంటుంది. కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర బాగానే ఉన్నాం కదా అని సొంతంగా మానేయకండి. సిగరెట్ మానేయండి. పరీక్షలు చేయించుకుని డాక్టరుతో మాట్లాడండి. ఈ సమావేశానికి మళ్లీ అందరం రావాలి.

చివరగా ఒక విన్నపం. మెచ్నికోవ్ దగ్గర మెస్సీనాలో ఉన్నది ఒక మైక్రోస్కోపు, ఒక ప్రశ్న. మన బడి ల్యాబులో మన కాలంలో ఉన్నది కూడా ఒకటే మైక్రోస్కోపు. నలభై మందిమి వరసలో నిలబడి ఒక్కో క్షణం చూసేవాళ్లం. ఈ స్వర్ణోత్సవ నిధిలోంచి పిల్లలకు కొన్ని మంచి మైక్రోస్కోపులు కొందాం. మొదటిదాని ఖర్చు నాది. దాని మీద నా పేరు వద్దు. బోర్డు మీద ముల్లు గీసిన మన మాస్టారి పేరు ఉంటే చాలు.